సెల్‌ఫోనులో సంభాషణ – తెలుగు అక్షరము

నంద్యాల జిల్లాలో నందికొట్కూరుకు సమీపమున పగిడ్యాల అను ఊరు కలదు. ఆ ఊరి రైతుకు ప్రభుత్వముతో ఏ చిన్న పని పడినను, ఒకప్పుడు కార్యాలయమునకు పోయి, అర్జీ వ్రాయించి ఇచ్చి రావలసి యుండెను. 2025 జనవరి 30వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము “మన మిత్ర” అను పేరుతో 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించుట ప్రారంభించినది. అట్టి పనులలో కొన్నింటిని ఇప్పుడు అతడు తన సెల్‌ఫోనులోనే, ఎదుటి మనిషితో మాటలాడినట్లు, అడిగినదానికి జవాబు చెప్పుచు జరుపుకొనగలడు.

ఫారములో గడులు నింపుట అందరికిని రాదు. మాటకు మాట చెప్పుట అందరికిని వచ్చును. అందుచేతనే బ్యాంకులు, అంగళ్లు, పాఠశాలలు సయితము తమ యాప్‌లలో “చాట్” అను సంభాషణ భాగమును చేర్చుకొనుచున్నవి. చూచుటకు ఇది సులభముగనే తోచును. తెర అడుగున వ్రాయుటకు ఒక గడి, దాని ప్రక్కన పంపుటకు ఒక గుర్తు, పైన మాటల వరుస. ఇంతకంటె ఏమున్నది? ఉన్న కష్టమంతయు ఈ మూడింటి వెనుక దాగియున్నది.

ఒక పాఠశాల యాప్‌ను ఉదాహరణగా తీసికొందము. ఒక విద్యార్థి తండ్రి “రేపు సెలవా?” అని వ్రాసి గుర్తును నొక్కెను. ఆ ప్రశ్న తక్షణమే తెరపై కనిపించును. కాని అది ఇంకను ఫోను దాటలేదు. యాప్ ముందుగా దానిని ఫోనులోనే భద్రపరచుకొని, దానికొక గుర్తింపు సంఖ్య నిచ్చి, ప్రక్కన చిన్న గడియారపు బొమ్మ నుంచును. పిమ్మట సర్వరునకు పంపును. సర్వరునుండి “ముట్టినది” అను జవాబు వచ్చిన తరువాతనే గడియారము పోయి టిక్కు వచ్చును. రిజిస్టరు ఉత్తరమునకు రసీదు ఎట్టిదో ఇదియు అట్టిదే.

సిగ్నలు పోయి రసీదు రాలేదనుకొనుడు. యాప్ అదే సందేశమును మరల పంపును. కాని మొదటి సందేశము చేరియుండి, రసీదు మాత్రమే దారిలో పోయియుండవచ్చును గదా! అప్పుడు సర్వరు గుర్తింపు సంఖ్యను చూచి, ఇది ముందు వచ్చినదే యని గ్రహించి, రెండవసారి నమోదు చేయక ఊరకుండును. ఆ సంఖ్య లేనిచో ఒక్క ప్రశ్న మూడు నాలుగుసార్లు కనిపించి, ఉపాధ్యాయునకు విసుగు పుట్టించును. సిగ్నలు వచ్చుచు పోవుచుండు పల్లెలలో ఈ లోపము మొదటి దినముననే బయటపడును. నగరములో కూర్చుండి యాప్ తయారుచేసినవారికి అది నెలల తరబడి కనిపించకపోవచ్చును.

జవాబు వచ్చు త్రోవ వేరు. సాధారణముగా ఫోను అడిగినప్పుడే సర్వరు పలుకును. సంభాషణకు ఇది చాలదు. అడుగకయే కబురు రావలెను. అందుకై రెండింటి నడుమ ఒక దారిని తెరచియే యుంచు పద్ధతి కలదు. వెబ్‌సాకెట్ అను ఈ పద్ధతి 2011లో ప్రమాణముగా ప్రకటింపబడినది. యాప్ మూసియున్నప్పుడు ఈ దారియు మూసికొనును గనుక, ఫోనునకు కబురు తెలుపు పని గూగుల్, ఆపిల్ సంస్థల సేవలు చేయును.

ఇక ఫోనులు ప్రధానముగా రెండు జాతులు: ఆండ్రాయిడ్, ఐఫోను. ఒక్కొక్కదానికి వేరువేరుగా ప్రోగ్రాము వ్రాయుట ఖర్చుతో కూడిన పని. ఒకసారి వ్రాసి రెండింటిపై నడుపుటకు ఫేస్‌బుక్ వారు 2015లో రియాక్ట్ నేటివ్‌ను వెలువరించిరి. గూగుల్ వారి ఫ్లట్టర్ తొలి స్థిరమైన కూర్పు 2018 డిసెంబరులో వచ్చినది. వీని నడుమ తెలుగువారు గమనింపదగిన భేదమొకటి కలదు. తెరపై అక్షరములు కూర్చుటకు రియాక్ట్ నేటివ్ ఆయా ఫోనులో నున్న ఏర్పాటునే వాడుకొనును. ఫ్లట్టర్ ఆ సామగ్రిని తన వెంటనే తెచ్చుకొనును. ఆంగ్లములో ఈ భేదము అంతగా తెలియదు. తెలుగులో తెలియును.

కారణమేమనగా, ఫోను తెలుగును మనవలె అక్షరములుగా చూడదు. యూనికోడ్ అను ప్రపంచ ప్రమాణములో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు సంఖ్యలు కేటాయింపబడినవి. “పగిడ్యాల” అని వ్రాసినచో మనకు కనిపించునవి నాలుగు అక్షరములు: ప, గి, డ్యా, ల. ఫోను దాచుకొనునవి ఎనిమిది సంఖ్యలు: ప 3114, గ 3095, గుడి 3135, డ 3105, పొల్లు 3149, య 3119, దీర్ఘము 3134, ల 3122. వానిని పంపునప్పుడు సాధారణముగా ఒక్కొక్కదానికి 3 బైట్ల వంతున 24 బైట్లగును.

చాట్ జాబితాలో చోటు చాలక ఐదు సంఖ్యలవద్ద పేరును తెగగోసినచో “పగిడ్” అని పొల్లుతో నిలిచిపోవును. బైట్ల లెక్కన కోసినచో ఇంకను అన్యాయము: ఒక సంఖ్య నడుమ తెగి, ప్రశ్నార్థకమో ఖాళీ డబ్బాయో మిగులును. పొల్లుతో కలిసిన హల్లులను ఒక్క అక్షరముగా లెక్కించు నియమము తెలుగునకు 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లోనే చేరినది. అంతకు పూర్వపు నియమము ప్రకారము “డ్యా” రెండు ముక్కలు. పాత సామగ్రితో కట్టిన యాప్‌లు నేటికిని అట్లే లెక్కించును.

ఇది కేవలము అందమునకు సంబంధించిన విషయము కాదు. 2018 ఫిబ్రవరిలో జరిగినది చూడుడు. “జ్ఞానము”లోని మొదటి అక్షరములో, ఞకును దీర్ఘమునకును నడుమ, అతుకు విడదీయు ఒక కనిపించని గుర్తు చేరినచో, ఐఫోను 11.2.5 కూర్పులోని ఏర్పాటు దానిని కూర్చలేక తబ్బిబ్బయ్యెను. సందేశము వచ్చిన యాప్ మూతపడెను. మరల తెరచినప్పుడు సందేశము అక్కడనే యుండుటచే మరల మూతపడెను. తన పొరపాటేమియు లేకయే ఫోను యజమాని తన సంభాషణలను తెరువలేకపోయెను. ఆ నెల 19న 11.2.6 కూర్పు విడుదలచేసి ఆపిల్ వారు దీనిని సరిదిద్దిరి. ఆండ్రాయిడ్ ఫోనులకు ఈ బాధ లేకపోయెను. ఒకే సందేశము, ఒకే యాప్ పేరు. ఒక ఫోనులో అక్షరము, మరొక ఫోనులో ఆపద.

కావున యాప్‌నకు చాట్ చేర్చువారు “హలో” అని పంపి చూచి తృప్తి చెందరాదు. ఒత్తులు, సున్నలు, దీర్ఘములు గల ఊరి పేర్లను రెండు జాతుల ఫోనులలోను వ్రాసి, చెరిపి, సగములో ఆపి చూడవలెను.

తరగతిలో విద్యార్థులు ఈ లెక్కను కాగితముపైననే చేయవచ్చును. “నందికొట్కూరు” కంటికి ఐదు అక్షరములు. ఫోనునకు పన్నెండు సంఖ్యలు, 36 బైట్లు. ప్రతి విద్యార్థియు తన పేరును ఇట్లే విడదీసి, పాత పద్ధతి ఎస్.ఎమ్.ఎస్.లో తెలుగునకు దక్కు 70 సంఖ్యలలో అది ఎన్నిసార్లు పట్టునో లెక్కించవచ్చును.