రేడియేటర్లో నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? పాత కారు కంప్రెషన్ లెక్క

ఈ ఎపిసోడ్ మా నాన్న కారు గురించి. 2004 మోడల్, మూడు సిలిండర్ల చిన్న పెట్రోల్ బండి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు బండిది కాదు, మాది.

పోయిన ఎండాకాలం అమ్మానాన్నలతో అహోబిలం వెళ్లాం. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం దాదాపు 25 కిలోమీటర్లు. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. దిగువ నుంచి ఎగువ అహోబిలానికి ఇంకో 8 కిలోమీటర్లు, నల్లమల అడవిలో ఎక్కుడు దారి. ఏసీ ఆన్‌లో ఉంది, బండి సెకండ్ గేర్‌లో ఎక్కుతోంది. సగం దారిలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకి చేరింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది.

నాన్న బండి ఆపి, చేతికి టవల్ చుట్టుకుని నేరుగా రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు. వెనకే వస్తున్న జీపు డ్రైవరు గట్టిగా అరిచాడు: "పెద్దాయనా, మూత ముట్టుకోవాకండి! మొహం కాలిపోతాది."

ఆయన అన్నది అక్షరాలా నిజం. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రేడియేటర్ మూత లోపల ఒత్తిడి నిలబెడుతుంది కాబట్టి అంతకన్నా వేడెక్కినా నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతాయి. ఇంజన్ ఆపి, పైన ఉన్న లావు పైపు చేతికి చల్లగా తగిలేదాకా మూత తీయకూడదు. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు కూడా పోయకూడదు, హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

"పాత బండి, నీళ్లు తాగుతాది లేరా"

చెట్టు కింద కూర్చున్నాక అడిగితే అసలు సంగతి బయటపడింది. రెండు నెలలుగా నాన్న వారానికో లీటరు బోరు నీళ్లు పోస్తున్నాడట. "పాత బండి, నీళ్లు తాగుతాది లేరా" అన్నాడు.

ఈ ఒక్క మాట దగ్గరే చాలా ఇంజన్లు పోతాయి. కూలింగ్ సిస్టమ్ మూసి ఉన్న వలయం. అదే కూలెంట్ తిరిగి తిరిగి వస్తుంది. పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. లెవెల్ మళ్లీ మళ్లీ తగ్గుతోందంటే అది బయటికి కారుతోంది, లేదా ఇంజన్ లోపలికి పోతోంది. మూడో దారి లేదు.

ఊరికొచ్చాక ఒక మెకానిక్‌కి చూపించాం. స్టార్ట్ చేసి సౌండ్ విని, "సార్, ఇంజన్ బోరుకొచ్చింది. పిస్టన్లు, రింగులు అన్నీ మార్చాలి, 45 వేలు" అన్నాడు. ఏ గేజూ పెట్టలేదు. ఆ డబ్బు పెట్టడం కన్నా తుక్కుకి ఇచ్చేద్దామన్నాడు నాన్న. నేను ఒక ఆదివారం టైమ్ అడిగాను. కోడింగ్ ఉద్యోగంలో నేర్చుకున్నది ఒకటే: లాగ్ చూడకుండా కోడ్ మార్చకూడదు.

ముందు బయట వెతకండి

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టార్చ్ పట్టుకుని పైపుల చివర్లు, క్లిప్పులు, రేడియేటర్ అంచులు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం చూడండి. కూలెంట్ ఆరిన చోట తెల్లటి లేదా రంగు మరక ఉంటుంది. ముందు సీటు కాళ్ల దగ్గర మ్యాట్ తడిగా ఉండి, తియ్యటి వాసన వస్తుంటే హీటర్ రేడియేటర్ కారుతోంది. మూత రబ్బరు వాషర్ చీలిందేమో కూడా చూడండి. కొత్త మూత కొద్ది డబ్బులకే వస్తుంది, దాని వల్ల కూడా బండి మరుగుతుంది.

కంటికి ఏమీ కనబడకపోతే ప్రెజర్ టెస్టర్ ఉంటుంది. మూత స్థానంలో బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి వరకే చేతిపంపుతో కొట్టి, పావుగంట ఆగాలి. ముల్లు దిగిపోతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. మా బండికి ముల్లు దిగింది, కానీ బయట ఎక్కడా చుక్క లేదు. అంటే లోపలే.

లోపలి గుర్తులు

సిలిండర్ హెడ్‌కి, కింది బ్లాకుకి మధ్య ఉండేది హెడ్ గ్యాస్కెట్. మంట, నీళ్లు, ఆయిల్ మూడూ కలవకుండా ఆపేది అదే. అది కాలితే ఏది దేంట్లో కలిసిందో దాన్నిబట్టి గుర్తులు మారతాయి.

నీళ్లు సిలిండర్లోకి పోతే సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లటి పొగ వస్తుంది. చలికాలం ఉదయం రెండు నిమిషాలు వచ్చి ఆగిపోయేది మామూలే. నీళ్లు ఆయిల్లో కలిస్తే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీ రంగులోకి మారుతుంది. ఆయిల్ మూత కింద మాత్రమే కొంచెం నురగ ఉంటే కంగారు వద్దు, దగ్గర దగ్గర తిరిగే బండికి చెమ్మ వల్ల కూడా వస్తుంది. మంట గ్యాస్ నీళ్లలోకి పోతే రేడియేటర్లో బుడగలు, స్టార్ట్ చేసిన కాసేపటికే రాయిలా గట్టిపడే పైపు.

మా బండికి పొగ తక్కువే, ఆయిల్ బాగుంది. కానీ ప్లగ్గులు తీస్తే రెండోది మాత్రం కడిగి పెట్టినంత తెల్లగా ఉంది. నీటి ఆవిరి అలా కడిగేస్తుంది.

కంప్రెషన్ టెస్ట్

ఇంజన్ కొంచెం వేడి చేసి ఆపి, ప్లగ్గులన్నీ తీయాలి. పెట్రోల్ సప్లై, ఇగ్నిషన్ రెండూ తప్పకుండా కట్ చేయాలి. ప్లగ్గు రంధ్రంలో గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, నాలుగైదు కొట్లు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. ప్రతి సిలిండర్‌కీ అన్నే కొట్లు. డీజిల్ బండికి ఈ గేజ్ వాడొద్దు, అక్కడ ఒత్తిడి రెండింతలకు పైనే ఉంటుంది.

మాకు వచ్చిన రీడింగ్: 160, 105, 155 పీఎస్ఐ. అసలు ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, కానీ సిలిండర్ల మధ్య తేడా ఇంకా ముఖ్యం. అన్నిటికన్నా తక్కువది, అన్నిటికన్నా ఎక్కువదానిలో 75 శాతం కూడా లేకపోతే సమస్య ఉన్నట్టే. మాది 66 శాతం.

ఇప్పుడు అసలు ప్రశ్న: నిజంగానే బోరుకొచ్చిందా? ఆ సిలిండర్లో ఒక టీ స్పూను ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఆయిల్ రింగుల చుట్టూ సందు మూస్తుంది కాబట్టి, రీడింగ్ బాగా పెరిగితే రింగులో బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. మాకు 105 కాస్తా 108 అయింది, అంతే. రింగులు కాదు!

చివరికి ఇంకో గ్యారేజీలో ఆ సిలిండర్లోకి కంప్రెసర్ గాలి పంపించారు. గాలి సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ దగ్గర వినబడితే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు. మాకు రేడియేటర్లో బుడగలొచ్చాయి. హెడ్ విప్పితే రెండో సిలిండర్ పక్కన గ్యాస్కెట్ కాలి ఉంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. కంప్రెషన్ బాగుంది కదా అని గ్యాస్కెట్ బాగున్నట్టు కాదు. సన్నటి చీలిక నీళ్లు పోగొడుతుంది గానీ గేజ్‌కి దొరక్కపోవచ్చు.

ఇంజన్ బోరు కాదు, నీళ్ల బోరు

మన సీమలో చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. వేడినీళ్ల కాగు అడుగున తెల్లగా పేరుకునే పొర చూశారుగా, అదే పొర ఇంజన్ నీటి దారుల్లోనూ పేరుకుంటుంది. వేడి బయటికి పోదు, తుప్పు పడుతుంది. అల్యూమినియం హెడ్ వేడెక్కి వంగితే గ్యాస్కెట్ మీద పట్టు పోతుంది. మా హెడ్ మీద స్కేల్ పెడితే కింద నుంచి వెలుతురు కనబడింది.

హెడ్ ఫేసింగ్, కొత్త గ్యాస్కెట్, రేడియేటర్ క్లీనింగ్, కూలెంట్ అన్నీ కలిపి 11 వేలయింది. 45 వేలు కాదు, తుక్కూ కాదు.

ఇప్పుడు డిక్కీలో రెండు లీటర్ల కూలెంట్, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి రెడీగా ఉంటుంది. దారిలో వేరే దిక్కు లేక మామూలు నీళ్లు పోయాల్సి వస్తే పోయండి, తప్పులేదు, కానీ ఇంటికి రాగానే మార్పించండి. ఎన్ని పోశారో, ఏ రోజు పోశారో ఫోన్‌లో రాసుకోండి. రెండోసారి పోయాల్సి వచ్చిందంటే అది టాపప్ కాదు, కంప్లైంట్.

పోయిన నెల మళ్లీ అహోబిలం వెళ్లాం. ఎగువ దాకా ముల్లు మధ్యలోంచి కదల్లేదు. నాన్న మాత్రం దారి పొడవునా రోడ్డుని కాకుండా దాన్నే చూస్తున్నాడు. అందుకే ఈసారి స్టీరింగ్ నేనే పట్టుకున్నా.

ఉంటాను, వచ్చే ఎపిసోడ్లో కలుద్దాం.