జపనీస్‌కు తెలుగు నోరు సాయపడుతుందా?

హైదరాబాద్ హైటెక్ సిటీలో జపాన్ క్లయింట్లతో పనిచేసే ఇంజినీర్లకు ఆ భాష అక్కరకొస్తుంది. తార్నాకలోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో దాన్ని నేర్పుతారు కూడా. లిపి సంగతి అటుంచితే, పలకడం తెలుగువాళ్లకు కొంత తేలికే.

ఎందుకు? జపనీస్ అచ్చులు ఐదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. హ్రస్వ దీర్ఘాల తేడా మనలాగే ఉంది. ‘ఒబాసన్’ అంటే నాయనమ్మ. దీర్ఘం మింగి ‘ఒబసన్’ అంటే అత్త అయిపోతుంది! ద్విత్వమూ అంతే: ‘సక’ ఏటవాలు దారి, ‘సక్క’ రచయిత. ‘సునామీ’లో మొదటి అక్షరం అసలు ‘సు’ కాదు, ‘త్సు’. చుక్క, చాప అన్నప్పుడు పెద్దవాళ్ల నోట వినిపించే దంత్య ‘చ’కు అది బాగా దగ్గర.

చిక్కులూ ఉన్నాయి. ‘ఫుజి’ అనేటప్పుడు పళ్లు పెదవిని తాకకూడదు. కొవ్వొత్తి ఊదినట్టు పెదవుల మధ్య నుంచి గాలి వదలాలి. వాక్యం చివర వచ్చే ‘దెసు’లో ఆఖరి ఉకారం దాదాపు వినిపించదు. టోక్యోలో ‘హషి’ మొదటి అక్షరం హెచ్చు స్వరంలో పలికితే తినడానికి వాడే పుల్లలు, రెండోది హెచ్చిస్తే వంతెన. తెలుగులో స్వరం ఇలా మాట అర్థాన్ని మార్చదు. అందుకే ఇదే అసలు పరీక్ష.

మరి ఎలా సాధించాలి? రికార్డింగ్ వింటూనే నీడలా వెంట పలకాలి, తర్వాత సొంత గొంతు రికార్డు చేసి పోల్చుకోవాలి. అయితే, పేరున్న జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడే విభాగమే లేదు. కాబట్టి సర్టిఫికెట్ చూసి ఉచ్చారణను అంచనా వేయలేం.