పని మానినాక కూడా వెంటబడే సంతకం

మేము మిల్లులో చేరిన కాలంలో కాగితం అంటే హాజరు పుస్తకం, పీయఫ్ ఫారం, అంతే. రింగ్ ఫ్రేము మీద చెయ్యి తిరిగినవాడికి పక్క మిల్లు పది రూపాయలు ఎక్కువ ఇస్తానంటే నెలాఖరుకు పోయేవాడు. జాబరు నాలుగు తిట్లు తిట్టేవాడు. మళ్ళీ మనిషి అవసరమైతే ఆయనే కబురు పంపేవాడు. తెగిన దారం అతికించే పని ఏ మిల్లులో నేర్చుకున్నా ఒకటే కదా.

ఇప్పుడు మన పిల్లలు గార్మెంట్సుకు, స్పిన్నింగుకు చేరేటప్పుడు పది పన్నెండు పేజీల కరారు మీద సంతకం పెడతా ఉన్నారు. మన పావగడ తాలూకాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఈ కాగితమేమో ఇంగ్లీషు. తిరుమణి వైపు సోలార్ పార్కుకు భూమి కౌలుకిచ్చేటప్పుడు మా చుట్టాలు ఒక్కొక్క కాగితాన్ని నలుగురి చేత చదివించుకున్నారు. బిడ్డ ఉద్యోగం కాగితం మాత్రం గేటు దగ్గర నిలబడే సంతకం చేసి ఇచ్చేస్తారు. అందులో ఒక షరతు ఉంటుంది: ఇక్కడ మానేసినాక ఇన్ని సంవత్సరాలు ఇదే పని చేసే ఇంకో కంపెనీలో చేరకూడదు. దాన్నే నాన్ కాంపీట్ అంటారు.

దీని మీద మన దేశంలో అందరూ చెప్పే పెద్ద తీర్పు ఒక దారం మిల్లు ఉద్యోగి కేసులోనే వచ్చింది. నేను చదివింది ఐదో తరగతి. మా మేనల్లుడు వకీలు దగ్గర గుమాస్తా, వాడు పక్కన కూర్చుని రెండు ఆదివారాలు చదివి చెప్పినాడు.

బొంబాయి దగ్గర కళ్యాణ్‌లో సెంచురీ స్పిన్నింగ్ కంపెనీ వాళ్ళు టైరు దారం మిల్లు పెట్టినారు. టైరు రబ్బరు లోపల బలానికి వేసే దారం అది. ఆ పనితనం హాలెండు, జర్మనీ కంపెనీలు డబ్బు తీసుకుని నేర్పినాయి, గుట్టు బయటికి పోకూడదని షరతు పెట్టి. నిరంజన్ శంకర్ గోలికారి అనే ఆయన 1963 మార్చిలో అక్కడ షిఫ్టు సూపర్‌వైజరుగా ఐదేళ్ళ కరారు మీద చేరినాడు. తొమ్మిది నెలలు ట్రైనింగు ఇచ్చినారు. 1964 చివర్లో ఆయన రాజీనామా ఇచ్చి, ఎక్కువ సంబళానికి రాజస్థాన్ కోటాలో అదే టైరు దారం చేసే రాజస్థాన్ రేయాన్‌లో చేరినాడు. సెంచురీ కోర్టుకు పోయింది. 1967 జనవరిలో సుప్రీం కోర్టు కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది. 1968 మార్చి 15 వరకు ఆయన టైరు దారంలో షిఫ్టు సూపర్‌వైజరు పని ఇంకెక్కడా చేయకూడదు.

కంపెనీ ఆఫీసర్లు ఇక్కడికి చెప్పి ఆపేస్తారు. "సుప్రీం కోర్టే ఒప్పుకుంది" అంటారు. ఆ తేదీ ఎందుకు వచ్చిందో చెప్పరు. ఐదేళ్ళ కరారు ముగిసే రోజు అది. ఒప్పుకున్న గడువు లోపల ఇంకొకరి దగ్గర అదే పని చేయకూడదు అన్నదే ఆ తీర్పు. షరతు మరీ అన్యాయంగా, ఒకవైపే లాభంగా ఉంటే గడువు లోపల కూడా చెల్లకపోవచ్చని అందులోనే ఉంది. ఆయన బతుకు తెరువు మొత్తం మూసేయలేదు, ఆ ఒక్క పని మీదే కట్టడి. అయినా చేతికి వచ్చిన పని అదే అయినవాడికి అది చిన్న మాట కాదు, నాకైతే ఆ తీర్పు కొంచెం చేదుగానే అనిపించింది.

గడువు అయిపోయినాక సంగతి వేరే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 27వ సెక్షను: ఎవరినైనా న్యాయమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని పేరుతో సహా అమ్ముకున్నవాడికి మాత్రం మినహాయింపు ఉంది. మనం అమ్మేది వ్యాపారం కాదు, ఒంటి కష్టం. 1980లో ఇంకో కంపెనీ, పని పోయిన తన ఉద్యోగిని రెండేళ్ళు అదే వ్యాపారం చేయకుండా ఆపాలని సుప్రీం కోర్టు దాకా పోయి ఓడిపోయింది.

ఇంత చెప్పేది ఎందుకంటే, మా ఊళ్ళో వరసకు మనవరాలయ్యే పిల్ల ఒకతి నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంది. బెంగళూరులో ఒక గార్మెంట్సులో శాంపుల్ టైలరు. రెండేళ్ళ కరారు, రెండేళ్ళ మూడు నెలలు చేసింది. నెల ముందే నోటీసు ఇచ్చి మానేసింది, హిందూపురంలో ఇంటికి దగ్గరగా పని దొరికిందని. కర్ణాటకలో గానీ ఆంధ్రాలో గానీ రెండేళ్ళు ఏ గార్మెంట్సులోనూ చేరకూడదని, చేరితే కేసు వేస్తామని ఫోన్ చేసినారు. ఎస్సెస్సెల్సీ ఒరిజినల్ మార్కుల కార్డు వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు. వాళ్ళ నాయన భయపడి బిడ్డను కదలనియ్యలేదు. సంఘం కంతు మాత్రం ప్రతి వారం కట్టాల్సిందే కదా.

మేనల్లుడు చూసి, మామా, ఇది పోస్టులో తేలే పని అన్నాడు. గడువు ముగిసింది, 27వ సెక్షను ప్రకారం ఈ షరతు చెల్లదు, మార్కుల కార్డు తిరిగి ఇవ్వండి అని రిజిస్టర్ పోస్టు పంపినాం. పద్దెనిమిది రోజులకు కార్డు వచ్చింది. ఉత్తరం ముక్క ఒక్కటీ లేదు. పిల్ల హిందూపురంలో చేరింది. నేను ఆమెకు ఒకటే గట్టిగా చెప్పినాను: పాత కంపెనీ ప్యాటర్నులు, ధరలు, బయ్యర్ల పేర్లు ఫోనులో దాచుకుని పోవద్దమ్మా అని. అది వేరే తప్పు, అందులో మనం ఓడిపోతాం. కుట్టే చెయ్యి మాత్రం నీదే.

ఉత్తరంతో తేలకపోతే తాలూకా కోర్టులో న్యాయ సేవల సమితి ఉంటుంది. ఆడవాళ్ళకు, ఫ్యాక్టరీ కార్మికులకు వకీలును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు.

డబ్బు సంగతి ఇంకా తెగలేదు. ట్రైనింగు ఖర్చని యాభై వేలు కట్టమంటా ఉన్నారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాల. విజయా బ్యాంకులో మూడేళ్ళు చేయకుండా పోతే రెండు లక్షలు కట్టాలన్న బాండు చెల్లుతుందని 2025 మేలో సుప్రీం కోర్టు చెప్పింది. మన కర్ణాటక హైకోర్టు ఆ ఉద్యోగి పక్షాన చెప్పినా అక్కడ నిలవలేదు. ఆయన గడువుకు ముందే పోయినాడు, బ్యాంకు మనిషిని ఎంచుకోవడానికి ఖర్చు పెట్టే సంస్థ. మన పిల్ల గడువు దాటి చేసింది, మొదటి రోజు నుంచీ మిషను మీదే ఉంది. ఏ తేదీల్లో ఏం నేర్పినారో, ఎంత ఖర్చయిందో లెక్క రాసి పంపండి అని రెండో ఉత్తరం వేసినాం. జవాబు రాలేదు.