తెలుగు ముస్లిం రచన: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు జిల్లాలోని మా విడవలూరుకు ఉత్తరాన కావలి, పెన్న దాటితే నెల్లూరు. తెలుగు ముస్లింల బతుకును కథల్లోకి తెచ్చి పేరు పొందిన మహమ్మద్ ఖదీర్‌బాబుది ఆ కావలే. అయినా ముస్లిం రచయితల గురించి మన వైపు కూడా కొన్ని అపోహలు పోలేదు.

అపోహ: ముస్లింల ఇంటి భాష ఉర్దూ, తెలుగు వాళ్లకు అరువు భాష.

వాస్తవం: దూదేకుల కుటుంబాల్లో చాలామందికి తెలుగే ఇంటి భాష. అలాంటి ఇంట్లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా వినిపించి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. అంతకుముందే పిఠాపురంలో ఉమర్ అలీషా (1885–1945) తెలుగు పద్యాలు, నాటకాలు రాశారు. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చదివితే వినపడేది నెల్లూరు యాసే.

అపోహ: బాబ్రీ మసీదు కూల్చాకే ఈ సాహిత్యం పుట్టింది.

వాస్తవం: మసీదు కూలింది 1992 డిసెంబరులో. ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత ‘పుట్టుమచ్చ’ 1991లోనే వచ్చింది. పుట్టిన దేశంలోనే అనుమానపు చూపులు ఎందుకు పడాలని అది నిలదీసింది. కూల్చివేత తర్వాత గొంతులు పెరిగాయి. 1998లో ‘జల్‌జలా’ కవితలు, 2004లో ‘వతన్’ కథలు సంకలనాలుగా వచ్చాయి.

అపోహ: ఇదంతా మతప్రచారం.

వాస్తవం: ఖదీర్‌బాబు ‘న్యూ బాంబే టైలర్స్’ కథలో రెడీమేడ్ బట్టలు వచ్చి ఒక దర్జీ పని దెబ్బతింటుంది. ఆ కష్టం ఏ మతం దర్జీకైనా ఒకటే. వేంపల్లె షరీఫ్ కథ ‘జుమ్మా’లో హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు తర్వాత కొడుకు కోసం బెంగటిల్లే తల్లి ఉంది. ఆ పేరుతో వచ్చిన కథల పుస్తకానికే 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది.

అపోహ: సొంత సమాజంలోని తప్పులను కప్పిపుచ్చుతారు.

వాస్తవం: షాజహానా కవితా సంపుటి ‘నఖాబ్’ ముస్లిం స్త్రీ వైపు నుంచి ఇంట్లో మగ పెత్తనాన్నీ, బయట వివక్షనూ రెంటినీ ప్రశ్నించింది.

అపోహ: గుర్తింపు గురించి మాట్లాడితే వేరుపడటమే.

వాస్తవం: మొహర్రంలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ చూడండి. అక్కడి బారాషహీద్ దర్గా దర్గాగానే ఉంటుంది. మొక్కుకున్న వాళ్లు మతం అడక్కుండా రొట్టెలు మార్చుకుంటారు. ఈ రచయితలు కోరేదీ అదే: తెలుగు రచయిత అనిపించుకోడానికి తన ఇంటిని దాచుకోవాలన్న షరతు ఉండకూడదని.