చుక్క వెంట చుక్క

అమీర్‌పేటలో ఓ ఇంట్లో నల్లా కట్టేసినా షవరు నుంచి చుక్కలు రాలుతున్నాయనుకోండి. కాసేపే అయితే కంగారొద్దు. తలతన్యత వల్ల రంధ్రాల దగ్గర నిలిచిన నీరది. గంట దాటినా ఆగకపోతే మాత్రం, బహుశా నల్లా లోపలి రబ్బరు వాషరు గట్టిపడి ఉంటుంది.

సెకనుకో చుక్క. ఇరవై చుక్కలకు సుమారు ఒక మిల్లీలీటరు. రోజుకు 86,400 సెకన్లు. లెక్క కట్టండి, 4 లీటర్లు దాటుతుంది! 2004 నుంచి నగరానికి కృష్ణా నీటిని నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, పంపులతో ఎత్తి తెస్తున్నారు. నీటితోపాటు కరెంటూ కారిపోతోందన్నమాట.

టైల్సు పగలగొట్టించేముందు, పెద్దవాళ్ల సాయంతో ట్యాంకు వాల్వు కట్టి, నల్లా విప్పి చూడండి. షవరు రంధ్రాల్లోని తెల్లని పెచ్చు కాల్షియం కార్బొనేటు. నిమ్మరసంలో నానబెడితే బుడగలొస్తూ కరుగుతుంది. ఆ బుడగల్లోని వాయువేదో చెప్పగలరా?