గాజుపరికరముల పటలేఖనము

రసాయనశాస్త్రమున పటము అలంకారము గాదు. ప్రయోగమునకు దారి చూపునది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల విద్యార్థులు నేడు దానిని కంప్యూటరుపై గూడ గీయవచ్చును. కెనడా దేశపు ఏసీడీ ల్యాబ్స్ వారి కెమ్‌స్కెచ్ విద్యార్థులకు ఉచితముగా లభించును. అందు కుప్పెలు, కండెన్సరులు మొదలగు రూపములు సిద్ధముగా నుండును; వానిని ఎన్నుకొని, జతపరచి, ప్రక్కన పేర్లు వ్రాయవలెను.

అయితే కంప్యూటరునకు గీత తెలియును గాని ప్రయోగము తెలియదు. స్వేదనపటమునే చూతము. ఉష్ణమాపకపు బల్బు, ఆవిరి వెడలు ప్రక్కగొట్టమునకు ఎదురుగా నుండవలెను. కండెన్సరులో చల్లని నీరు క్రిందికొనను ప్రవేశించి పైకొనను వెలువడవలెను. అప్పుడే దాని పైతొడుగు నీటితో నిండియుండును. ద్రవమును పట్టు పాత్ర గాలికి తెరచియుండవలెను. దానికి బిరడా బిగించి గీసినను కంప్యూటరు కాదనదు. ఆ పటమును నమ్మి కాచినచో ఒత్తిడి పెరిగి కుప్పె పగులవచ్చును.

పేర్లకు గీయు రేఖలు ఒకదానినొకటి దాటరాదు. ప్రతి రేఖయు తన భాగమును తాకవలెను. తొలుత కాగితముపై పెన్సిలుతో గీసి, ఆవిరియు నీరును నడచు త్రోవలను వ్రేలితో వెంబడించి చూచి, పిమ్మటనే కంప్యూటరు ముందు కూర్చుండవలెనని విద్యార్థులను మేము కోరుచున్నాము. పరీక్షలో అక్కరకు వచ్చునది చేతిగీతయే గదా!