రీటేక్ లేని హీరో!

సినిమా కుక్క ఏం చేస్తుంది? విలన్ వెంటపడి పిక్క పట్టుకుంటుంది. హాల్లో ఈలలు! ఉక్రెయిన్‌లో పట్రోన్ అనే బుల్లి కుక్క హీరో అయింది మాత్రం కదలకుండా కూర్చుని. మందుపాతరలు వాసన పట్టడం దాని ఉద్యోగం. పట్రోన్ అంటే తూటా అని అర్థం లెండి.

ట్రైనింగ్ ఎలాగంటారా? పేలుడు మందు వాసన పట్టినప్పుడల్లా బంతో, తిండో ఇస్తారు. మన పట్రోన్‌కి చీజ్ ముక్కంటే ప్రాణం! వాసన తగలగానే కూర్చోవాలి. తవ్వితే, కాలితో గీరితే అంతే సంగతులు. ఉరకలేసే కుక్కకి ఇంతకన్నా కష్టమైన వేషం ఉంటుందా?

యంత్రం ఉందిగా అనకండి. దానికి తుప్పు మేకు దొరికినా కూతే. ప్లాస్టిక్ పాతరైతే చాలాసార్లు నోరే మెదపదు. కుక్క పట్టేది లోపలి మందుని. అది ఏమీ లేదని దాటేసిన నేలమీదే రేపు ట్రాక్టరు తిరుగుతుంది, పిల్లలు ఆడుకుంటారు. పొరపడితే రీటేక్ లేదు.

2022 కాన్ ఉత్సవాల రోజుల్లో, సినిమా కుక్కలకిచ్చే 'పామ్ డాగ్' వారు పట్రోన్‌కి ప్రత్యేక బహుమతి ఇచ్చారు. అదే మేలో అధ్యక్షుడు జెలెన్‌స్కీ పతకమిస్తుంటే ఈ హీరోగారు భౌ మన్నారు. పక్కనున్న అప్పటి కెనడా ప్రధాని ట్రూడో, పెట్టడానికేమైనా ఉందా అన్నట్టు జేబులు తడుముకున్నారు!